తమ్ముడు ఆర్మీలో ఉంటే ఫోన్ ఖర్చు ఎలా తగ్గించాలి? మా ఇంటి లెక్కతో పూర్తి వివరాలు

2024 అక్టోబరులో మా తమ్ముడికి జమ్మూ కాశ్మీర్ పోస్టింగ్ వచ్చింది. లీవు అయిపోయి బయల్దేరే ముందు రోజు అమ్మ నా చేతిలో డబ్బులు పెట్టి, "వాడికి ఏడాదికి సరిపడా వేయించెయ్‌రా నాన్నా, అక్కడ షాపులుంటాయో ఉండవో" అంది. నేను రామచంద్రపురం మెయిన్ రోడ్డుకెళ్ళి 3,599 రూపాయల ప్లాన్ వేయించాను. 365 రోజుల వ్యాలిడిటీ, అన్‌లిమిటెడ్ కాల్స్, రోజూ వాడుకోలేనంత డేటా. ఇక ఏడాదిపాటు గొడవ లేదనుకున్నాం.

రైలు పఠాన్‌కోట్ దాటిన కాసేపటికి వాడి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మళ్ళీ రాలేదు. మూడో రోజు పక్క బెడ్ కుర్రాడి ఫోన్ అడిగి తీసుకుని, "అమ్మా, నా సిమ్ ఇక్కడ పనిచెయ్యదంట" అని చెప్పాడు. ఆ రెండు రోజులూ అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఏ ఫోన్‌లో ఏ ప్రాసెసర్ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. సిమ్ పనిచేస్తుందో లేదో మాత్రం చూసుకోలేదు. అందుకే ఈ ఆర్టికల్.

అసలు రూల్ ఏంటంటే

మన ఆంధ్రా సర్కిల్‌లో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్ సర్కిల్‌లో పనిచేయదు. ఏ కంపెనీ సిమ్ అయినా అంతే. ఇది కంపెనీ పెట్టిన కండిషన్ కాదు, భద్రతా కారణాలతో ప్రభుత్వం పెట్టిన నిబంధన. లద్దాఖ్ ఇప్పుడు వేరే కేంద్రపాలిత ప్రాంతమైనా టెలికాం లెక్కలో జమ్మూ కాశ్మీర్ సర్కిల్‌లోనే ఉంది. కాబట్టి లేహ్, కార్గిల్, సియాచిన్ వైపు వెళ్ళేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. దీనికి తిరగేసిన రూల్ కూడా ఉంది. అక్కడ తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ బయట రాష్ట్రాల్లో పనిచేయదు. అంటే లీవుకి వచ్చే దారిలోనే అది మూగబోతుంది.

పోస్ట్‌పెయిడ్‌కి ఈ ఇబ్బంది లేదు. మన ఊళ్ళో తీసుకున్న పోస్ట్‌పెయిడ్ నంబరు అక్కడా పనిచేస్తుంది, ఢిల్లీలోనూ పనిచేస్తుంది, మనింటికొచ్చినా పనిచేస్తుంది.

రాజస్థాన్, పంజాబ్, బెంగాల్ లాంటి చోట్ల పోస్టింగ్ అయితే మన ప్రీపెయిడ్ సిమ్ మామూలుగానే నడుస్తుంది, రోమింగ్ ఛార్జీ కూడా ఉండదు. అందుకే ఏ ప్లాన్ మంచిది అని ఎవరైనా అడిగితే ముందు "పోస్టింగ్ ఎక్కడ?" అని అడగాలి. ఆ సమాధానాన్ని బట్టే మిగతా లెక్క.

మాకు ఎంత పోయింది

3,599 రూపాయలు ఒక్కటే పోయుంటే ఊరుకునేవాళ్ళం. వాడు యూనిట్ వాళ్ళ సాయంతో అక్కడ లోకల్ ప్రీపెయిడ్ సిమ్ తీసుకున్నాడు. దానికి 28 రోజులకోసారి 299. ఏడాదికి 365 రోజులు కదా, 28తో భాగిస్తే 13 వస్తుంది. నెలకోసారి అనుకుంటాం గానీ కట్టేది పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు. 13 సార్లు 299 అంటే 3,887. పనిచేయని సిమ్‌కి కట్టిన 3,599 కలిపితే ఏడాదికి 7,486 రూపాయలు. అదీ ఒక్క మనిషి ఫోన్‌కి.

వాడు అగ్నివీర్. మొదటి ఏడాది జీతం 30,000 అంటారు గానీ అందులో 9,000 సేవానిధికి పోయి చేతికొచ్చేది 21,000. దాంట్లోంచి ఇంటికి పంపాలి. మాకు అసలు దెబ్బ అక్కడే తగిలింది. వాడి బ్యాంకు అకౌంటు, యూపీఐ అన్నీ పాత నంబరుతోనే ఉన్నాయి. ఆ నంబరుకి సిగ్నల్ లేదు కాబట్టి ఓటీపీలు రావు. యూపీఐ యాప్ మళ్ళీ వెరిఫై చెయ్యమంది, చెయ్యడానికి ఎస్సెమ్మెస్ వెళ్ళదు. ఆ నెల అమ్మ గాజుల మీద ఉన్న గోల్డ్ లోన్ వడ్డీకి వాడు పంపుతానన్న డబ్బు ఆగిపోయింది. నేను కట్టాననుకోండి. కానీ జీతం అకౌంట్లో ఉండి కూడా పంపలేకపోతే వాడికి ఎలా ఉంటుంది?

మరి పోస్ట్‌పెయిడ్‌కి మారిపోవచ్చు కదా అంటారు. అక్కడున్నాక మార్చడం కష్టం. సులువైన పద్ధతిలో ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది, ఆ నంబరుకే సిగ్నల్ లేదు. మేం 2025 జూలైలో వాడు లీవుకి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

పోస్ట్‌పెయిడ్ లెక్క

పోస్ట్‌పెయిడ్ అంటే మన ఇళ్ళల్లో భయం. ఎంత బిల్లొస్తుందో తెలియదని. ఆ భయంలో కొంత నిజం ఉంది కూడా. ప్రీపెయిడ్ ప్లాన్ రేటులో పన్ను కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్‌లో రాసిన రేటు మీద 18 శాతం జీఎస్టీ అదనం. 349 అని బోర్డు మీద ఉంటే బిల్లు 412 వస్తుంది. కానీ బిల్లు నెలకొకటే, ఏడాదికి పన్నెండే. 412 చొప్పున చూస్తే సుమారు 4,942. ఒకే సిమ్, ఒకే నంబరు, ఓటీపీలు వస్తాయి, డేటా వస్తుంది, లీవుకొస్తే మార్చక్కర్లేదు. మా పాత లెక్క 7,486తో పోలిస్తే 2,544 మిగిలింది. బోర్డు మీద ఖరీదుగా కనిపించే ప్లానే మాకు చవగ్గా తేలింది.

మార్చేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. మొదటిది, ప్రీపెయిడ్‌లో మిగిలిన వ్యాలిడిటీ, డేటా పోస్ట్‌పెయిడ్‌లోకి రావు. కాబట్టి బయల్దేరే ముందు పెద్ద ప్లాన్ వేయించకండి, నేను చేసిన తప్పు అదే. రెండోది, మార్పు పూర్తయి సిమ్ పోస్ట్‌పెయిడ్‌గా పనిచేస్తోందని ఇంట్లోనే చూసుకున్నాక రైలెక్కించండి. చివరి రోజుకి పెట్టుకోవద్దు. మూడోది, వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలంటే ఇంకా ముందు మొదలుపెట్టాలి. 1900కి పోర్ట్ అని మెసేజ్ పెడితే వచ్చే కోడ్ మన దగ్గర నాలుగు రోజులే చెల్లుతుంది. ఈ మధ్యే సిమ్ పోయి డూప్లికేట్ తీసుకుని ఉంటే ఏడు రోజులు దాటేవరకు ఆ కోడ్ ఇవ్వరు. 2024 జూలై 1 నుంచి ఈ నిబంధన ఉంది, సిమ్ స్వాప్ మోసాలు ఆపడానికి పెట్టారు.

ఏ కంపెనీకి మారాలి అంటే నేను పేరు చెప్పను. వాడి క్యాంపులో ఏ సిగ్నల్ వస్తుందో వాడికే తెలుసు. ఇక్కడ మన ఊళ్ళో ఐదు గీతలు చూపించే నెట్‌వర్క్ అక్కడ ఒక్క గీత కూడా చూపించకపోవచ్చు. ముందే అక్కడున్న మన తెలుగు కుర్రాళ్ళని కనుక్కోమనండి. ఇంకో పాత అలవాటు కూడా వదిలించుకోవాలి. "కొండల్లో ఏ సిగ్నలూ రాదు" అనేది ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 2025 జనవరిలో ఆర్మీ డేకి ముందు సియాచిన్‌లో జియో 4జీ, 5జీ మొదలయ్యాయి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీని 2025 సెప్టెంబరు 27న ప్రధాని ప్రారంభించారు.

బిల్లు కట్టే బాధ్యత మాత్రం ఇంటివాళ్ళు తీసుకోవాలి. వాడు డ్యూటీ మీద పది రోజులు ఫోన్ ముట్టుకోకపోతే బిల్లు గడువు దాటుతుంది, అవుట్‌గోయింగ్ ఆపేస్తారు. నంబరు కొడితే బిల్లు కనిపిస్తుంది కాబట్టి మన యూపీఐ యాప్ నుంచే కట్టేయొచ్చు. మా ఇంట్లో నేను కడతాను, క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకున్నాను. ఇంకొకటి, సరిహద్దుకి దగ్గరగా ఉండేవాళ్ళ ఫోన్ అవతలి దేశం నెట్‌వర్క్ పట్టుకునే అవకాశం ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ తీసుకునేటప్పుడే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆఫ్ చేయించండి, ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ కాకుండా మాన్యువల్‌గా పెట్టమనండి.

పోస్టింగ్ మారి వేరే రాష్ట్రానికి వెళ్ళాక తిరిగి ప్రీపెయిడ్‌కి రావచ్చు. ఒకసారి మారాక మళ్ళీ ఓటీపీతో మారాలంటే ఇదివరకు 90 రోజులు ఆగాలి. 2025 జూన్‌లో టెలికాం శాఖ మొదటిసారికి దాన్ని 30 రోజులకి తగ్గించింది.

జమ్మూ కాశ్మీర్ కాకపోతే

అప్పుడు పని చాలా తేలిక. జవానుకి ఫోన్ చేతిలో ఉండే టైమే తక్కువ. ట్రైనింగ్ ఆరు నెలలూ మా వాడికి ఆదివారం మాత్రమే ఫోన్ ఇచ్చేవాళ్ళు. అయినా మేం రోజుకి 1.5 జీబీ ప్లాన్ వేసేవాళ్ళం. ఆ రోజు డేటా ఆ రోజు రాత్రి పన్నెండుకే పోతుంది, దాచుకోవడం కుదరదు. వారంలో ఆరు రోజుల డేటా అలా గాలికి పోయేది.

2024 జూలై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ రేట్లు పెంచాయి. జియో 239 ప్లాన్ 299 అయ్యింది, ఎయిర్‌టెల్ 179 ప్లాన్ 199 అయ్యింది. ఆ డిసెంబరులో ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా అక్కర్లేనివాళ్ళ కోసం కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్లు తప్పనిసరిగా ఇవ్వాలని కంపెనీలకి చెప్పింది, వోచర్ల వ్యాలిడిటీ 90 రోజుల నుంచి 365 రోజుల వరకు పెంచుకునే వీలిచ్చింది. 2025 జనవరిలో ఆ ప్లాన్లు వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469, ఏడాదికి 1,849. జియోలో 84 రోజులకి 448, 336 రోజులకి 1,748. ఇవి అప్పటి రేట్లు, మీరు వేయించే రోజు యాప్‌లో ఒకసారి చూసుకోండి. యాప్‌లో ఇవి పైన కనిపించవు. కిందకి వెళ్ళి వెతకాలి.

ట్రైనింగ్‌లో ఉన్నవాడికి, లేదా వైఫై దొరికే చోట ఉన్నవాడికి ఈ ప్లాన్ సరిపోతుంది. ఎప్పుడైనా వీడియో కాల్ కోసం డేటా కావాలంటే విడిగా డేటా వోచర్ వేయించాలి. అయితే ఈ కాల్స్ ప్లాన్ మీద ఆ వోచర్ పనిచేస్తుందా అన్నది డబ్బు కట్టకముందే కస్టమర్ కేర్‌ని అడగండి.

నేవీ వాళ్ళకి ఇంకో లెక్క. 2019లో మన విశాఖపట్నంలో బయటపడ్డ గూఢచర్యం కేసులో నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు, సోషల్ మీడియా ద్వారా వాళ్ళని వలలో వేసుకున్నారు. ఆ డిసెంబరులో నౌకాదళం నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. ఓడ సముద్రంలో ఉన్నన్నాళ్ళూ డేటా ప్యాక్‌కి అర్థమే లేదు. నంబరు బతికుంటే చాలు.

ఆ నంబరు బతికించుకోవడం గురించి కూడా చెప్పాలి. 90 రోజులపాటు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు తీసేయొచ్చు. బ్యాలెన్స్ 20 రూపాయలు ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలని ట్రాయ్ నిబంధన. కానీ ఇది నంబరు పోకుండా ఉండడానికే. ప్లాన్ అయిపోతే ఓటీపీలు వస్తాయన్న గ్యారంటీ లేదు. నంబరు పోయాక కనీసం 90 రోజులు ఆగి ఇంకెవరికో ఇచ్చేస్తారు. అంటే మన బ్యాంకు మెసేజ్‌లు ఎవరో తెలియని మనిషికి వెళ్ళొచ్చు. వెయ్యి రూపాయలు మిగుల్చుకుందామని నంబరు వదిలేసే పొదుపు మాత్రం చెయ్యకండి.

ఇంట్లో తగ్గించుకునేది

అసలు వృథా వాడి ఫోన్‌లో కంటే మా ఇంట్లోనే ఎక్కువ ఉందని తర్వాత తెలిసింది. నాన్నది కీప్యాడ్ ఫోన్. దానికీ 299 ప్లానే! షాపులో "అందరికీ ఒకటే వెయ్యండి" అనేవాళ్ళం, వాళ్ళు వేసేవాళ్ళు. బటన్ల ఫోన్‌కి రోజుకి 1.5 జీబీ డేటా. ఏడాదికి 3,887 కట్టే చోట ఇప్పుడు 1,849 ప్లాన్ ఉంది. 2,038 మిగిలింది. అమ్మ ఫోన్‌కి మాత్రం డేటా ప్లాన్ ఉంచాం, ఎందుకంటే వాడి మొహం చూడందే అమ్మ మాట్లాడినట్టు ఉండదు. వీడియో కాల్ ఎక్కువ చేసే ఇంట్లో వాట్సాప్ సెట్టింగ్స్‌లో కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ ఆన్ చేయండి, ఫొటోలు వీడియోలు ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ అవ్వడం ఆపేయండి. మన గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలకే సగం డేటా పోతుంది.

మా మావయ్య తొంభైల్లో ఆర్మీలో చేశాడు. రాత్రి 11 దాటితే ఎస్టీడీ రేటు పావు వంతు, అందుకని ఆ టైముకి బూత్ ముందు లైన్లో నిలబడి పక్కింటి ల్యాండ్‌లైన్‌కి చేసేవాడట. వాళ్ళు వచ్చి మా అమ్మమ్మని నిద్ర లేపేవాళ్ళు. 2015లో కూడా రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కి నిమిషానికి 45 పైసల దాకా తీసుకోవచ్చని ట్రాయ్ లిమిట్ ఉండేది. మావయ్యకి ఆ అలవాటు ఇంకా పోలేదు. మా వాడు ఫోన్ చేస్తే "కట్ చెయ్‌రా, నేను చేస్తాను, నీకు బిల్లవుద్ది" అంటాడు. ఇప్పుడు ఎవరు ఎవరికి చేసినా ఒకటే అని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఫోన్ కొనిచ్చేటప్పుడు

ఉద్యోగం వచ్చిందని మంచి ఫోన్ కొనిచ్చే ముందు కాస్త ఆగండి. కొన్ని చైనా బ్రాండ్ల ఫోన్లు జవాన్లు, వాళ్ళ కుటుంబాలు వాడొద్దని రక్షణ నిఘా వర్గాలు హెచ్చరించినట్టు 2023 మార్చిలో వార్తలొచ్చాయి. 2020 జూలైలో ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది. కాబట్టి యూనిట్‌లో ఏ ఫోన్‌కి ఒప్పుకుంటారో కనుక్కున్నాకే కొనండి. లేకపోతే ఇరవై వేల ఫోన్ పెట్టెలో ఉంటుంది, వాడు ఇంకోటి కొనుక్కుంటాడు. గేమింగ్ ప్రాసెసర్ అక్కర్లేదు. డ్యూయల్ సిమ్, పెద్ద బ్యాటరీ చాలు. బీఎస్‌ఎన్‌ఎల్ మీద ఆధారపడే చోటైతే 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28 ఉందో లేదో స్పెసిఫికేషన్లలో చూడండి. చలి చోట్ల బ్యాటరీ త్వరగా పడిపోతుంది, సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెడితే పాడవుతుంది కూడా. లోపలి జేబులో పెట్టుకుని, గదిలోకొచ్చి ఫోన్ కాస్త వెచ్చబడ్డాక ఛార్జింగ్ పెట్టమనండి.

"ఆర్మీ వాళ్ళకి డిస్కౌంట్ ప్లాన్ ఉందాండీ?" అని నేను షాపులో అడిగాను. "ఆయ్, అలాంటిదేం లేదండి" అన్నాడు. అమెరికాలో పెద్ద కంపెనీలకి మిలిటరీ ప్లాన్లు ఉన్నాయి. అక్కడైతే సిగ్నల్ లేని చోటికి 90 రోజులు లేదా అంతకంటే ఎక్కువ పోస్టింగ్ పడితే ఫోన్ కాంట్రాక్టుని జరిమానా లేకుండా రద్దు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది. అలాంటి హక్కే మనకీ ఉంటే మా 3,599లో కొంతైనా వెనక్కి వచ్చేది. మన దగ్గర జరిగినవాటిలో చెప్పుకోదగ్గది 2017 దీపావళికి బలగాల శాటిలైట్ ఫోన్ కాల్ రేటుని నిమిషానికి 5 రూపాయల నుంచి 1 రూపాయికి తగ్గించి, నెలకి 500 రూపాయల ఛార్జీని ఎత్తేయడం. యూనిట్ ద్వారా ఏమైనా ప్లాన్ ఉందేమో మీ వాణ్ణే అక్కడ కనుక్కోమనండి. "ఆర్మీ స్పెషల్ ఆఫర్, ఐడీ కార్డు ఫొటో పంపండి" అని వాట్సాప్‌లో వచ్చే లింకులకి మాత్రం చచ్చినా పంపొద్దు. జవాన్ల ఐడీ కార్డులతో ఆన్‌లైన్ అమ్మకాల మోసాలు చాలా జరుగుతున్నాయి.

మా వాడి యూనిట్ పేరు, ఊరు పేరు ఈ ఆర్టికల్‌లో ఎక్కడా రాయలేదు, గమనించే ఉంటారు. మీరూ కామెంట్స్‌లో రాయకండి. పోస్టింగ్ జమ్మూ కాశ్మీర్ సర్కిలా, బయటా అన్నంతవరకే చెప్పి, ఇంట్లో ఎన్ని నంబర్లున్నాయో, ఎవరు డేటా వాడతారో రాస్తే లెక్క వేసి చెప్తాను.